సెకనుకు పద్దెనిమిది బొమ్మలు

ఆదివారం ఉదయానికి బలరాం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా స్నానం, దేవుడి దగ్గర దీపం, సరళ చేతి గారెలు నాలుగు, ఆ తర్వాత కూతురి వెనక కుర్చీ వేసుకుని పన్నెండింటికి మొదలయ్యే కారు పందెం చూడటం. ఇందులో ఎక్కడా ఎవరినీ తిట్టే పని లేదు. అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లు బాయిలర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా కాగుతున్న మనిషికి అలాంటి పూట దొరకడం అరుదు. అందుకే ముందురోజే భార్యకు చెప్పి ఉంచాడు: "రేపు నాకు కోపం తెప్పించకుండ్రి."

పందెం జరిగేది రోడ్డు మీద కాదు, కంప్యూటర్లో. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న భార్గవి అందులో దిట్ట. రాష్ట్రం మొత్తం మీద నలభై మంది ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడతారు. ముందొచ్చిన ఎనిమిది మందిని హైదరాబాదు పిలుస్తారు. దానికోసం బలరాం కొత్త బండి ఆలోచన మానుకుని, సత్తుపల్లిలో సుకుమార్ దుకాణం నుంచి, ఆట బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డుతో సహా, సామాను తెప్పించాడు. భార్గవి నేల మీద దుప్పటి పరుచుకుని, వీడియోలు చూస్తూ, ఒక్కో మర తనే బిగించి మూడు రోజుల్లో కంప్యూటరును నిలబెట్టింది. అంత చేసి కూడా బలరాం ఒక షరతు పెట్టాడు. "ఎనిమిది మందిల నీ పేరుంటే ఆడుకో బిడ్డా. లేకుంటే మిషను అమ్మేసి ఖమ్మంల బ్యాంకు కోచింగు. మల్ల ఏడ్వొద్దు."

భార్గవి ధైర్యంగానే ఒప్పుకుంది. ఎందుకంటే శుక్రవారం ఆడి చూసినప్పుడు కారు నూనె రాసినట్టు జారిపోయింది. తెర మూలన నూటయాభై అంకె కనిపించింది. తెర మీద సెకనుకు నూటయాభై బొమ్మలు మారుతున్నాయని లెక్క. శనివారం ఆమె కాలేజీకి వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చి, అలసిపోయి పడుకుంది.

ఆదివారం ఎనిమిదిన్నరకు మిషను పెట్టింది. దాని నెత్తిన బంతిపూల దండ, ముఖాన గంధం, కుంకుమ బొట్టు ఉన్నాయి. ఆ ఇంట్లో మిక్సీకి కూడా బొట్టు పడుతుంది కాబట్టి ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆట తెరిచింది. కారు రెండడుగులు గెంతి ఆగింది. మళ్లీ గెంతి, మళ్లీ ఆగింది. మూలన అంకె పద్దెనిమిది.

"ఏందే, కారు కప్ప లెక్క దుంకుతుంది?" అన్నాడు వెనక నుంచి బలరాం.

"అదే చూస్తున్న నాన్నా. మొన్న నూటయాభై వచ్చినయి. ఇయ్యాల పద్దెనిమిది!"

"మిగిలిన నూట ముప్ఫై రెండు యాడికి పోయినయి?"

ఆ ప్రశ్న అడగడంతోనే బలరాం ప్రణాళిక ముగిసింది. బాయిలర్ ఒత్తిడి పడిపోతే ఆవిరి ఎక్కడో కారుతోందని అర్థం. కారిందంటే ఎవడో ఒకడు సరిగ్గా బిగించలేదని అర్థం. ఇరవై రెండేళ్లలో అతనికి తెలిసిన యంత్రశాస్త్రమంతా ఆ 'ఎవడో ఒకడి' మీదే ఆధారపడి ఉంది. ఫోను తీసి సుకుమార్‌కు కలిపాడు. అవతల నుంచి గుసగుసగా జవాబొచ్చింది.

"అన్నా, ఆరాధనల ఉన్న. తర్వాత చెయ్యనా?"

"ఆరాధన తర్వాత చేసుకో. దొంగ కార్డు అంటగట్టినవ్ నా బిడ్డకు!"

"గట్లెట్ల అంటవన్నా? సీలు మీ ముందరే తీసిన గదా. మిషను వేడెక్కుతుందేమో చూడుండ్రి. వోల్టేజి చూడుండ్రి. వెనక వైర్లు గిట్ట ఎవరన్న ముట్టుకున్నరా?"

"నా ఇంట్ల ముట్టుకునే దమ్ము ఎవనికున్నది?" అని బలరాం ఫోను పెట్టేశాడు.

ముందు వేడి సంగతి. ముందుగదిలోని ఎయిర్ కూలరును ఈడ్చుకొచ్చి మిషను ముందు నిలబెట్టి మీట నొక్కాడు. చల్లగాలితో పాటు సన్నటి తుంపర కూడా వచ్చింది. భార్గవి కెవ్వుమని అరిచి, తువ్వాలు పట్టుకుని అడ్డం పడింది. "నాన్నా! నీళ్లు పడితే కాలిపోతది!" బలరాం కూలరును కాలితో తన్నాడు. కాలు నొచ్చింది. కోపం కూలరు మీదికి కూడా పాకింది. మిషను మాత్రం చల్లగానే ఉంది, అంకె కదల్లేదు.

ఇక వోల్టేజి. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ, అన్నీ కట్టేస్తూ వంటింట్లోకి వెళ్లి, తిరుగుతున్న గ్రైండరు తీగను కూడా పీకేశాడు. గారెల పిండి సగంలో ఆగిపోయింది.

"ఏమయ్యా, పప్పు ఇంకా పలుకు పలుకుగ ఉన్నది. ఇదేం పని?" అంది సరళ.

"నీ గ్రైండరే గుంజుతుంది కరెంటంతా!"

"ఇంట్ల అందర్నీ కట్టేసినవ్ గదా, ఆ నోరొక్కటి కట్టేస్తే ఎంత కరెంటు మిగుల్తదో" అని సరళ సగం పిండి గిన్నెలోకి ఎత్తుకుంది.

అంకె పద్దెనిమిది దగ్గరే ఉంది. తొమ్మిదిన్నరకు లైన్‌మన్ వీరన్నను ఇంటి నుంచి లాక్కొచ్చాడు. వీరన్న మీటరు పెట్టి చూసి, "రెండొందల ముప్ఫై ఉన్నదన్నా. గుడిగంట లెక్క ఖంగుమంటుంది" అన్నాడు.

"అయితే మీ ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు మూలుగుతుంది? మిషను మూలుగు నాకు తెల్వదా? ఎక్కడో జాయింటు వదులున్నది."

"మూలిగితేనే అది బతికున్నట్టన్నా."

"వీరన్నా, పన్నెండింటికి నా బిడ్డ పందెం పోయిందంటే నీ ఆఫీసు ముందల కూసుంట!"

వీరన్న ఈ పోరు వదిలించుకోవడానికి అయిదు నిమిషాలు కరెంటు ఆపి జాయింటు బిగిస్తానన్నాడు. తొమ్మిదీ యాభైకి వీధి మొత్తం చీకటి పడ్డట్టు ఆగిపోయింది. వీధి చివరి చర్చిలో పాట చరణం మధ్యలో మైకు మూగబోయింది. వీరన్న బిగించాడు. తీరా మళ్లీ వేస్తుంటే, ఏళ్ల తరబడి ఎవరూ కదిలించని, తీగను పట్టి ఉంచే క్లాంపు రెండుగా విరిగి అతని కాళ్ల దగ్గర పడింది. కొత్తది స్టోరు నుంచి రావాలి. స్టోరు తాళం ఉన్నవాడు దమ్మపేటలో పెళ్లికి పోయాడు.

అరగంటలో బలరాం వాకిట్లో జనం చేరారు. ఒకావిడ చేతిలో సగం ఉడికిన కూరగిన్నె ఉంది. ఒక పెద్దమనిషి సగం గడ్డంతో వచ్చాడు. "ఎవరి కోసం తీసిండ్రు కరెంటు?" అంటే అందరి వేళ్లూ ఒకే గుమ్మం వైపు తిరిగాయి. బలరాం మెట్ల మీద నిలబడి, ఒక్కొక్కరికీ విడివిడిగా, అందరికీ కలిపి కూడా జవాబు చెప్పాడు. ఆ మధ్యలోనే సుకుమార్‌కు మళ్లీ ఫోను చేసి, గంటలో రాకపోతే దుకాణం ముందు వంటావార్పూ పెడతానన్నాడు.

పదకొండింటికి పాస్టరు క్రీస్తుదాసు వచ్చాడు. తెల్లచొక్కా చెమటకు తడిసి ఉంది, ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది. "బలరాం గారూ, జనరేటరు పెట్టుకుని ఆరాధన ముగించినం. కరెంటు ఎప్పుడొస్తదో కనుక్కుందామని వచ్చిన."

ఎదుటివాడు అరిస్తే బలరాం తట్టుకోగలడు. నెమ్మదిగా మాట్లాడితే తట్టుకోలేడు. "అసలు మీ మైకుల వల్లనే వోల్టేజి పడిపోతుంది! దేవుడికి చెవుడు లేదు గదా, అంత గట్టిగ ఎందుకు?"

పాస్టరు నుదుటి చెమట తుడుచుకుని, "ఆ మాట నేనూ అప్పుడప్పుడు అనుకుంట" అన్నాడు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

పదకొండూ పావుకు సుకుమార్ బండి దిగాడు. ఎండలో ముప్ఫై కిలోమీటర్లు వచ్చిన ముఖం మిరపపండులా ఉంది. "యాడున్నది మిషను?" అని ఎవరినీ పలకరించకుండా లోపలికి నడిచాడు. భార్గవి పొద్దుటి నుంచి మిషను పక్క తలుపు తీసి లోపలి తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టింది. కరెంటు పోకముందే సాఫ్ట్‌వేరు మొత్తం మార్చింది. గోడకు ఆనించిన బల్ల వెనక వైపు మాత్రం చూడలేదు. తెర మీద బొమ్మ వస్తున్నప్పుడు వైరు సంగతి ఎవరికి తడుతుంది? సుకుమార్ బల్ల జరిపి, ఫోను లైటు వేసి, వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"భార్గవమ్మా, తెర వైరు మదర్‌బోర్డుకు ఎందుకు పెట్టినవ్?"

"నేనెందుకు పెడత? గ్రాఫిక్స్ కార్డుకే పెట్టిన."

"ఇగో చూడు. కార్డు రంధ్రాలు నాలుగింటికీ మూతలు బిగించి ఉన్నయి. వైరేమో పైన బోర్డుకున్నది. ఇంక ఆ కార్డు ఏం పని చేస్తది? జీతం తీసుకుంట కూసున్నది. పనంతా ఆ బోర్డు తాలూకు చిన్న చిప్పు మీద పడ్డది."

"ఆ మూతలు నేను శుక్రవారమే చెత్తబుట్టల వేసిన!" అని భార్గవి తండ్రి వైపు తిరిగింది. సరళ కూడా తిరిగింది. కూరగిన్నె ఆవిడ కూడా తిరిగింది.

బలరాం మిషను మీది దండను సరిచేశాడు. "నిన్న పూజకు దేవుని గదిలకు తీసుకపోయిన. వైర్లు తీయకుంటే ఎట్ల పోతది? మల్ల తెచ్చి పెట్టిన."

"ఎవరన్న ముట్టుకున్నరా అని అడిగిన గదన్నా!" అన్నాడు సుకుమార్.

"పూజ చేస్తే ముట్టుకున్నట్టా?" అన్నాడు బలరాం. కోపంగా అనబోయాడు కానీ చివర్లో అది నిజంగానే ప్రశ్నలా వినిపించింది. "కొత్త సామాను మూతలు ఎవరన్న పారేస్తరా? బుట్టల కనబడ్డయి, తుడిచి పెట్టిన. మా మిల్లుల నోరు తెరిచిన గొట్టం వదిలేస్తే మెమో ఇస్తరు. దుమ్ము పోతదని నాలుగూ మూసిన. వైరుకు జాగ కావాలె గదా... పైన అచ్చం అసొంటిదే ఇంకోటి ఖాళీగ ఉండె."

బలరాంకు నిన్న కొబ్బరికాయ కొడుతూ తాను మొక్కిన మొక్కు గుర్తొచ్చింది. స్వామీ, నా బిడ్డ మిషనుకు దుమ్ము తగలొద్దు, దిష్టి తగలొద్దు అన్నాడు. దేవుడు అక్షరాలా తీర్చాడు. నడిపించమని అడగాలని ఆ క్షణాన తోచలేదు. మనిషి అడగడం మర్చిపోయింది కూడా దేవుడే చూసుకోవాలా, లేక అడిగేవాడే కాస్త నిదానించాలా? గోడ గడియారం పదకొండున్నర దాటింది.

భార్గవి మూతలు పీకి వైరు మార్చింది. అయితే మిషను వెలగడానికి కరెంటు లేదు. దమ్మపేట పెళ్లిలో ఇంకా తలంబ్రాలే నడుస్తున్నాయట. ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, "బ్యాంకు కోచింగు పోత తీ నాన్నా" అంది.

బలరాంకు అంతకు ముందు ఎన్నో మాటలు తిట్లుగా తేలిగ్గా వచ్చాయి. ఇప్పుడు కావలసిన మాట ఒక్కటే. మెట్లు దిగి, వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న పాస్టరు ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ... ఆ జనరేటరు... ఇంక నడుస్తదా?"

"నడుస్తది."

"ఇంతకుముందు నేనన్నది..."

"అది తర్వాత మాట్లాడుకుందం. టైం ఎంతయింది? జల్దీ పట్టండి. ఆ మూతలు మాత్రం ఇంట్లనే ఉంచి రండి."

సుకుమార్ మిషను ఎత్తుకున్నాడు. సగం గడ్డం పెద్దమనిషి తెర పట్టుకున్నాడు. కూరగిన్నె కింద పెట్టి ఆవిడ కుర్చీ అందుకుంది. పొద్దుటి నుంచి బలరాంను తిట్టిన వీధంతా అతని సామాను మోసుకుంటూ చర్చి పక్క రేకుల షెడ్డుకు పరుగెత్తింది. జనరేటరు దడదడమంది. దండ వేసుకున్న మిషనును చూసి అక్కడ అన్నం వడ్డిస్తున్న పెద్దామె రిబ్కా, "పెళ్లికొడుకు లెక్కున్నడు, ఉండనీయుండ్రి" అని పక్కన బల్ల ఖాళీ చేసింది. భార్గవి ఫోను నుంచి ఇంటర్నెట్టు కలిపింది. పన్నెండుకు రెండు నిమిషాలు తక్కువగా ఆట తెరుచుకుంది. మూలన నూటయాభై రెండు కనిపించింది.

ఆ అరగంట షెడ్డులో అన్నం ఎవరూ ముట్టలేదు. భార్గవి కారు మొదటి చుట్టులో ఇరవై మూడో స్థానంలో ఉంది. అయిదో చుట్టుకు పన్నెండు. ఆఖరి మలుపులో ముందున్న ఇద్దరు ఒకర్నొకరు రాసుకుని పక్కకు పోతే, ఆమె సందులోంచి దూరి ఏడో స్థానంలో గీత దాటింది. అందరూ ఒక్కసారిగా అరిచారు. బలరాం మాత్రం కూతురి తల మీద చెయ్యి పెట్టి, ఎంతసేపటికీ తియ్యలేదు.

ఒంటిగంట దాటాక కరెంటు వచ్చింది. బలరాం చెంబుడు మజ్జిగ పట్టుకుని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్లాడు. వీరన్న గ్రీసు చేతులతో రిజిస్టరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"తమ్మీ, పొద్దున అన్నది మనసుల పెట్టుకోకు."

"మనసుల పెట్టుకోనన్నా. రిజిస్టర్ల మాత్రం పెట్టాలె. మూడు గంటలు లైను ఎందుకు తీసినవని సారు అడుగుతడు."

"నా పేరే రాయి. తప్పు నాది."

వీరన్న మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, అతని వైపు ఒకసారి చూశాడు. చెట్టు మీద ఆకు కూడా కదలని ఆ మిట్టమధ్యాహ్నం, కారణం అన్న గడిలో 'పెనుగాలి' అని రాసి సంతకం పెట్టాడు.