చెవులయ్య చేలో పురుగే లేదు

ఒక పెద్ద అడవిలో, కమిటీ వెయ్యనిదే కప్ప కూడా గెంతని కాలంలో, చెవులయ్య అనే కుందేలు ఉండేవాడు. చురుకైనవాడే, కాకపోతే ఆ చురుకంతా నోట్లోనే ఉండేది. ఎక్కణ్ణుంచో జన్యువు మార్చిన జొన్న విత్తనం పట్టుకొచ్చాడు. కాండం తొలిచే పురుగు దీన్ని కొరికితే చస్తుంది, తక్కిన పురుగులకి చీమ కుట్టినట్టయినా ఉండదు అని అడవంతా చాటాడు.

పంచాయితీ పెద్ద ఏనుగు నమ్మలేదు. పాత జొన్న ఒక మడి, కొత్త జొన్న ఒక మడి వేయించి, రెండిట్లో ఆ తక్కిన పురుగులు ఏవేవి ఏమాత్రం ఉన్నాయో తేల్చమంది. తేడా వచ్చిందా, విత్తనం అడవి దాటాల్సిందే. చెవులయ్యేమో దాన్నే నమ్ముకుని ఉన్న పొలమంతా దున్నుకు కూర్చున్నాడు. అది కాస్తా పోతే పెళ్లాం పిల్లలకి ఏం పెట్టాలో తెలీదు, పాపం.

పురుగుల సంగతి బాగా తెలిసినవాళ్లతో, అంటే పురుగుల్ని తినేవాళ్లతో, కమిటీ వేశారు. బోదురు కప్ప మడిలో గుంత తవ్వుతానంది, అందులో పడ్డవే లెక్కట. సాలీడు మొక్కల మధ్య వల కడతానంది, దానికి అంటుకున్నవే లెక్కట. పిచ్చుక మాత్రం ఆకు ఆకూ తిప్పి చూసొస్తానంది. గుంతలో నడిచేవే పడతాయి, వలకి ఎగిరేవే తగులుతాయి, ఆకుని కరుచుకుని కూర్చున్నవాటి మాటేమిటని దాని వాదన. ఎవరి పద్ధతి గొప్పదో తేలక, జొన్న మోకాలెత్తు పెరిగేదాకా ముగ్గురూ పోట్లాడుకున్నారు.

ఈలోగా పిచ్చుక చూడనే చూసింది. పాత మడి ఆకుల కింద సీతాకోకచిలుక గొంగళిపురుగులు కులాసాగా ఉన్నాయి. కొత్త మడిలో ఒక్కటీ లేదు. ఆ కబురు తెలిసేసరికి, తన విత్తనం తక్కినవాటినీ చంపుతోందని చెవులయ్యకి అర్థమైపోయింది.

ఇక చూడండి వాడి తెలివి. సభలో లేచి, చేతులు కట్టుకుని, వినయమంతా ఒలకబోశాడు.

"ఏనుగమ్మా, చూసి వదిలేసిన పురుగుకి సాక్ష్యం ఎవరు? కప్పగారూ సాలీడుగారూ పురుగుని చంపి సభ ముందు పెడతారు. పిచ్చుకమ్మ ఉత్తి మాట తెస్తుంది. శవం లేని లెక్క కూడా ఒక లెక్కేనా?"

ఏనుగు చూపు అంతంత మాత్రం. పోగుపోసి ముందు పెడితేనే దానికి ఏదైనా కనబడేది. కప్పా సాలీడూ అంతవరకూ ఉప్పూనిప్పూగా ఉన్నవాళ్లు కాస్తా ఒక్కటైపోయారు. ఆకు తిప్పి చూడ్డం అసలు పద్ధతే కాదని తీర్మానమైంది. మీ ఇష్టం నాయనా అని పిచ్చుక ఎగిరిపోయింది.

రెండు మళ్ల గుంతల్లోనూ ఒకేలా చీమలు, వలల్లోనూ ఒకేలా దోమలు. తేడా లేదన్నారు. చెవులయ్య మెళ్లో దండ పడింది, పొలమంతా కొత్త జొన్న పడింది.

పంట ఏపుగా లేచింది. తీరా కంకి వేసే వేళకి ఆకుల అడుగున పేనుబంక పట్టింది. కొత్త విత్తనం కాండం తొలిచేదాన్నీ ఆకు కొరికేదాన్నీ చంపుతుంది గానీ రసం పీల్చే దీని జోలికి పోదు. జిగురు కారి ఆకులు నల్లబడుతుంటే చెవులయ్య లబోదిబోమంటూ పంచాయితీకి పరిగెత్తాడు. పేనుబంకని తినే అక్షింతల పురుగుల దండు వాళ్ల చేతిలోనే ఉంది. చేలో పురుగు ఉందని కమిటీ ఒక్క మాట అంటే చాలు, పంపిస్తారు.

కమిటీ వచ్చింది. కప్ప గుంతలోకి తొంగి చూసింది. సాలీడు వల తడిమి చూసింది. చేలో పురుగు లేదని తేల్చారు.

చెవులయ్య బంకతో నిండిన ఆకొకటి తుంచి కప్ప ముక్కు కింద పెట్టాడు. "మరి ఇవేంటి, బాబూ? మీకు పుణ్యముంటుంది, ఒక్కసారి ఈ ఆకు తిప్పి చూడండి."

కప్ప మొహం పక్కకి పెట్టేసింది. "తిప్పి చూడ్డం పద్ధతి కాదని తీర్మానం చేయించింది మీరే కదయ్యా. అదీగాక ఇవి ఇంకా బతికున్నాయి. బతికున్న పురుగుని లెక్కలోకి ఎలా తీసుకుంటాం?"

చేను మాడిపోయింది. పంచాయితీ మటుకు ఆ ఏడు పురుగు పట్టని చేను బహుమానం చెవులయ్యకే ఇచ్చింది. వాడు ఖాళీ కడుపుతో వెళ్లి, నవ్వుతూ అందుకున్నాడు.

నీతి: లెక్కపెట్టే పద్ధతి తెలివిగా ఎంచుకున్నవాడి చేలో పంట ఉన్నా లేకపోయినా, పురుగు మాత్రం ఉండదు.