రెండు నోళ్ల రూఢి

ఆ ఉదయం తన కళ్లజోళ్ల దుకాణం తెరిచేలోపు ఒక్క పని ముగించుకుందామనుకున్నాడు రూఢీగారు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఎవరేం చెప్పినా "రూఢి చేసుకున్నారా?" అని అడిగే అలవాటు వల్ల వీధి వీధంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. వీధి వరద సమాచార బృందానికి ఆయనే పెద్ద. ఆ పదవికి జీతం లేదు, తిట్లు మాత్రం పుష్కలం.

కిందటి వానల్లో ఎవరి మాటో నమ్మి ఆయన ఈల ఊదాడు. జనమంతా మూటాముల్లె సర్దుకుని బడి మేడ ఎక్కారు. చుక్క నీరు రాలేదు. "ఈసారి మీరు ఈల వేస్తే చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాం" అని మొహం మీదే అనేశారు. ఆ మాట ఆయన్ను లోలోపల తొలిచేస్తోంది. నిజంగా ఏటిగట్టు తెగిన రోజున ఎవరూ కదలకపోతే? వీధిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్నది ఆయన ఇల్లే. ఆ ఇంట్లో మోకాళ్ల నొప్పులతో అత్తగారు. అందుకే కొత్త నియమం పెట్టాడు. ఒకే కబురు రెండు వేర్వేరు నోళ్ల నుంచి వస్తే తప్ప ఈల ముట్టుకోకూడదు.

కొన్నాళ్లుగా వాన విడవడం లేదు. అవసరం వచ్చినప్పుడు గొంతు వణికితే జనం నమ్మరని, హెచ్చరికను ముందే ఫోన్లో రికార్డు చేశాడు. "గట్టు తెగింది. ఉన్నవాళ్లు ఉన్నట్టే బడి మేడ మీదికి వచ్చేయండి." గొంతు నిబ్బరంగా ఉందో లేదో చెబుతుందని భార్య ఫోనుకు పంపి, గొడుగు తీసుకుని బయల్దేరాడు. ఇది ఉత్త ప్రయత్నమేనన్న ముక్క దారిలో ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. దుకాణం షట్టరు బిగుసుకుపోయి, దానితో కుస్తీ పడుతూ మరిచేపోయాడు.

భార్య అప్పుడు డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో చెత్త తీస్తోంది. ఫోను అత్తగారి చేతిలో ఉంది. అల్లుడి గొంతు విని ఆవిడ నిజమే అనుకుంది. కూతుర్ని పిలిస్తే వాన హోరులో వినబడలేదు. పక్క ఊళ్లో ఉన్న కొడుక్కి ఆ మాటలు పంపి, ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు ముందు కర్ర పట్టుకుని బయల్దేరు! అక్కను కేకేసి పిలువు! మిగతావాళ్లకు నేను చెబుతా" అన్నాడు కొడుకు.

చెప్పడమైతే చెప్పాలి గానీ, బావ పేరు పెడితే వీధిలో ఎవరూ నమ్మరని ఆ బావమరిదికి తెలుసు. అందుకని పేరు తీసేసి, అవే మాటలు టైపు చేసి, కింద "నమ్మకమైన వ్యక్తి స్వయంగా చెప్పినది" అని చేర్చి ఆ వీధిలోనే ఉండే నర్సమ్మకూ ఆటో అతనికీ పంపాడు.

నర్సమ్మ దుకాణానికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, గట్టు తెగిందట!"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరో చాలా నమ్మకమైన మనిషట."

రూఢీగారి చేయి ఈల మీదికి పోయింది. అయినా నియమం నియమమే, ఇంకో నోరు కావాలి. కంట్రోల్ రూమ్‌కు చేస్తే ఫోన్ బిజీ. భార్యకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంతలో ఆటో వచ్చి ఆగింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి సార్? గట్టు తెగింది. ఉన్నవాళ్లు ఉన్నట్టే వచ్చేయమంటున్నారు!"

రెండో నోరు! పైగా మాటకు మాట సరిపోయింది. ఆ మాటలు తానెక్కడో విన్నట్టే ఉన్నాయి గానీ, నిజం ఎప్పుడూ అలాగే ఉంటుందిలే అనుకున్నాడు. ఈల నోట్లో పెట్టుకుని వానలో పరుగెత్తాడు. నర్సమ్మా ఆటో అతనూ అదే చెబుతుండడంతో, ఈసారి కబురు ఆయన నుంచి పుట్టలేదనుకుని అందరూ ఇట్టే నమ్మి కదిలారు.

బడి మేడ మీద గదిలో అత్తగారు అందరికన్నా ముందే బల్ల మీద కూర్చుని ఉంది. పక్కనే భార్య స్టవ్ వెలిగిస్తోంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"అత్తయ్యగారూ! మీకెవరు చెప్పారు?"

"మీరే కదా అల్లుడుగారూ!" అంటూ ఆవిడ ఫోన్ నొక్కింది.

రూఢీగారి గొంతు గదంతా మోగింది. చాలా నిబ్బరంగా ఉంది. నర్సమ్మ తన ఫోన్ చూసుకుంది. ఆటో అతను తనది చూసుకున్నాడు. ఆ తర్వాత అందరూ కలిసి రూఢీగారిని చూశారు. ఆయన గబగబా మళ్లీ చేస్తే ఈసారి కంట్రోల్ రూమ్ లైన్ కలిసింది. "గట్టు బాగానే ఉందండీ. దయచేసి పుకార్లు పుట్టించకండి."

"తప్పు నాదే. క్షమించండి. ఇళ్లకు వెళ్లండి" అని చేతులు జోడించాడు. అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పదండి పదండి. దూది కొనుక్కోవాలి" అన్నాడు ఆటో అతను. జనం గొణుక్కుంటూ మూటలెత్తుకున్నారు.

"ఎవరైనా వెళ్లండి గానీ, నేను మాత్రం టీ తాగందే దిగను" అంది అత్తగారు. "ఈ మెట్లు ఎక్కేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మాయ్, అందరికీ పెట్టవే."

మరుగుతున్న టీ వాసన తగిలాక, ఆ వానలోకి దిగడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. రూఢీగారు ఒక్కడే కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇక ఈ జన్మలో తన ఈలకు ఎవరూ లేవరు. నిజంగా నీళ్లొచ్చిన రోజున తన మాట వల్లే అందరూ మునుగుతారు.

కింద వీధి మలుపులో ఏదో గోధుమరంగుగా కదిలింది. చూస్తుండగానే ఆయన ఇంటి గేటు ఊడి నీళ్లలో తేలింది. వెనకే ఎవరిదో స్కూటర్ దొర్లుకుంటూ వచ్చింది. చేతిలో ఫోన్ మోగింది, కంట్రోల్ రూమ్ నుంచి. "గట్టు తెగింది! మీ వీధి వాళ్లను వెంటనే పైకి చేర్చండి!"

వెళ్లండని చేతులు జోడించి మరీ చెప్పింది తనే. వెనక్కి తిరిగి ఒక్కో మొహమూ వెతికి వెతికి చూసుకున్నాడు. అందరూ ఉన్నారు, గ్లాసులు పట్టుకుని. అత్తగారి పక్కన కూలబడి ఆవిడ చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"చక్కెర తక్కువైందండీ" అందావిడ.

సాయంత్రం పడవలో వచ్చిన అధికారి మేడ మీది జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. "మాకంటే ముందే ఇంతమందిని ఎలా చేర్చారండీ?"

"రెండు నోళ్ల నుంచి రూఢి చేసుకున్నామండీ" అన్నాడు రూఢీగారు.

ఆ రెండు నోళ్లూ ఎవరివని అధికారి అడగలేదు, ఈయనా చెప్పలేదు.