కుంకుడుకాయతో కడిగిన సోలార్ ప్యానెల్

చచ్చిన సోలార్ ప్యానెల్ ఇంటికి చేసే మేలు, బతికున్నది చేయలేదు! నమ్మరా? మా ఇంటికొచ్చి చూడండి.

తొంభై రెండులో మా చర్చికొచ్చిన ప్యానెల్ అది. బతికినన్నాళ్ళూ ఒక్క బల్బు వెలిగించడానికి నానా యాతనా పడింది. 2007లో అది కన్నుమూస్తే సంఘంవాళ్ళు పారేయబోయారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని, ఊరుకుంటానా? రిక్షా ఎక్కించి తెచ్చి మా నూతి గట్టు పక్కన వాల్చాను.

అక్కడ మొదలైంది దాని మహర్దశ! దాని మీద రాజయ్యపేట నుంచి తెచ్చిన మెత్తళ్ళ చేపలు ఎండాయి. దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. లో వోల్టేజీ లేదు, పవర్ కట్ లేదు. ఏ ఇంజినీరు కనిపెట్టగలడండీ ఇలాంటిది?

ఇంతలో కొబ్బరిమట్ట పడి అద్దం పగిలింది. పక్కింటి సురేష్ బాబు వచ్చి చూశాడు.

"దీన్లో తీగల అతుకులకి సీసం ఉంటాదంట బావా. వానకి నూతిలోకి దిగితే ఏటి గతి? ఓసారి టెస్టు సేయించు."

మా ఇంటిల్లిపాదీ తాగేది ఆ నూతి నీళ్ళే. భయమేసింది, అబద్ధమెందుకు.

వైజాగ్‌లో ఒక ల్యాబ్ ఉంది. ముక్క ఇస్తే పొడికొట్టి, యాసిడ్ నీళ్ళలో నానబెట్టి, విషం దిగుతుందో లేదో చెబుతారు. చదువుకున్నవాళ్ళ దగ్గరికి మురికి వస్తువు పట్టుకెళ్తామా? ఆదివారం ఆరాధన కాగానే కూర్చుని, ఒక ముక్క వెనకున్న తీగలూ రేకులూ నల్ల పెచ్చులూ చాకుతో గీకేశాను. కుంకుడురసంతో తోమాను. పెళ్ళిచూపులకి కూర్చోబెట్టవచ్చు, అలా తయారైంది.

ల్యాబ్‌వాళ్ళు మెచ్చుకోలేదు గానీ, ఇదేమిటని అడగనూ లేదు. కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది. సీసం లేదు! జెరాక్సులు తీయించి మా ఊరి బెల్లం మార్కెట్లో కనబడినవాళ్ళందరికీ పంచాను. సైన్సంటే ఏమిటో సురేష్ బాబుకి విడమరిచి చెప్పాను. పాపం, విన్నాడు.

నా భార్య రోజలిన్ మాత్రం రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీకిందంతా ఎక్కడ పారబోసేరండీ?"

"ఎక్కడేటి? నూతి గట్టు పక్కనే."

"మరి దానికి టెస్టు సేయించేరా?"

ఆవిడ బిందె పుచ్చుకుని సురేష్ బాబు ఇంటి కుళాయికి వెళ్ళింది.

ఏ ముక్క తెచ్చావు, మిగిలింది ఏం చేశావు అని ల్యాబ్‌లో ఒక్కరైనా అడగొద్దూ? అడిగితే మాత్రం, శుభ్రంగా కడిగి తెచ్చానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మన పరీక్షలింతే. పట్టుకెళ్ళిన దానికి సర్టిఫికెట్, పారబోసింది మనకి.

విషం లేదన్న రిపోర్టు మా గోడ మీద ఫ్రేములో ఉంది. దాని కింద కూర్చుని పక్కింటి నీళ్ళు తాగుతున్నాను.