కిఆగారికి నోటీసు

అరవయ్యేళ్ళు దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే, రాత నెమ్మదిగా నడిస్తే పెద్దమనసుతో సర్దుకోండి.

కొడల ఊరికి అవతల, చిలికా సరస్సు నీళ్ళ మధ్య ఉన్న మొగలిదిబ్బను దీవుల ఉద్ధరణ శాఖవారు అయిదేళ్ళలో సంపూర్ణంగా ఉద్ధరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు అక్కడ మొగలి పొదలు, పిట్టలు, ఇరవై తెలుగు గడపలు తప్ప మరేమీ లేవు. మా పక్కగడప వరహాలమ్మ మొగలిపూలు కోసి అత్తరు బట్టీకి పంపుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా బతుకుతుండేది. ఆ దుస్థితి చూసి శాఖవారి గుండె కరిగింది.

మొదట మేకల్ని పంచారు. మేకలు లేత మొగలి పిలకల్ని మేశాయి. పొదలు పోయినచోట ఇసుక లేచింది. ఇసుకను ఆపడానికి సరుగుడు మొక్కలను పడవల్లో తెచ్చారు. వాటితోపాటు ఎలుకలు టిక్కెట్టు లేకుండా దిగాయి. సరుగుడు ఆకు రాలినచోట గడ్డి మొలవడం మానేసింది గనక, మేకలు మిగిలిన మొగలి మీద మరింత శ్రద్ధ పెట్టాయి.

ఎలుకల కోసం ముంగిసలు వచ్చాయి. శాఖ డైరెక్టరుగారు మైకు పట్టుకున్నారు. "ఎక్కడో మహాసముద్రాల దీవుల్లో చెరకుతోటల ఎలుకల కోసం ముంగిసలను దింపారు. ఎలుకలు మిగిలాయి, పిట్టలు పోయాయి. ఆ అనుభవాన్ని మేము కూలంకషంగా అధ్యయనం చేశాము. అందుచేత ఇక్కడ రెట్టింపు దింపుతున్నాము!"

చప్పట్లు మోగాయి. ముంగిసలది పగటి ఆఫీసు, ఎలుకలది రాత్రి డ్యూటీ. ఒకరికొకరు ఎదురుపడలేదు. ఖాళీగా కూర్చోలేక ముంగిసలు పిట్టల గుడ్లనూ, వరహాలమ్మ కోళ్ళనూ తనిఖీ చేశాయి.

పన్నెండు పొదలు మిగిలాయి. హల్దియాపదర్ ఆఫీసు నుంచి శాఖ గుమాస్తా ఢిల్లీశ్వరరావు పడవ దిగగానే వరహాలమ్మ దారికడ్డంగా నిలబడింది.

"నాయనా, మీ మేకల్ని తోలుకెల్లిపోండి. ఈ పొదలూ పోతే నానేటి తినాల?"

"గవర్నమెంటు మేకలు పిన్నీ! సెవులకి బిళ్ళలున్నాయి, సూళ్ళేదేటి?"

"అయితే నా సెవికీ ఓ బిళ్ళ కట్టు. నన్నూ మేపుతారు."

"నీ నోరు పడిపోనూ! రేపు ఎంక్వయిరీ ఉంది. ముందునుంచీ ఉన్నవి ఉంటాయి, ఎనకొచ్చినవి పోతాయి. అడిగినప్పుడు గట్టిగా సెప్పు."

మర్నాడు హోరుగాలిలో డైరెక్టరుగారు ఒడియాలో అడిగారు: "ఏఠి ఆగరు కిఏ థిలా?" ఇక్కడ ముందు ఎవరున్నారు అని. ఒడియాలో 'కిఏ' అంటే ఎవరు, 'కిఆ' అంటే మొగలి. మనసంతా మొగలే ఉన్న వరహాలమ్మకు గాలిలో కిఆ అనే వినబడింది. ఇన్నాళ్ళకు మొగలిని గురించి అడిగే దొర దొరికాడని పొంగిపోయింది.

"కిఆయే బాబూ ముందు! మాం అందరం ఎనకొచ్చినోళ్ళమే. కిఆ నేకపోతే మాకిక్కడ ఏటి పని?"

ఢిల్లీశ్వరరావు ఉన్నదున్నట్టు రాశాడు. నివేదికలో మూడు తీర్మానాలు వెలువడ్డాయి. మేకలు వచ్చిన తేదీకి ముద్ర ఉన్నందున అవి స్థానిక జీవులు. ఇరవై గడపలవారు వెనక వచ్చామని స్వయంగా ఒప్పుకున్నందున బయటి జాతి. ఆద్యుడైన శ్రీ కిఆ పదిహేను రోజుల్లో స్వయంగా హాజరై తన హక్కు నిరూపించుకోవాలి.

"సార్, కిఆ అంటే మొక్క సార్," అన్నాడు ఢిల్లీశ్వరరావు, ఆలస్యంగా.

"సంతకం అయిపోయింది," అన్నారు డైరెక్టరుగారు.

నోటీసును మొగలి పొదకే అంటించారు. శ్రీ కిఆ హాజరు కాలేదు. మేకలు ఆయన్ని నోటీసుతో సహా మేసేశాయి.

వరహాలమ్మతోపాటు మా గడపలన్నిటినీ అంకులి ఊరికి తరలించారు. అక్కడ వరహాలమ్మకు టోకు వర్తకుల ఇంట ఎండుమిరప తొడిమలు తీసే పని దొరికింది. యజమానురాలు వాసవీకుమారి మొదటిరోజే అడిగింది.

"ఏ ఊరోళ్ళే మీరు? బయటి జనం ఒచ్చి ఊరు నిండిపోతున్నాది. జాగ్రత్తగా తియ్యి, అది అచ్చంగా మన మిరప. తాతలనాటి నుంచీ మనదే."

ఆ మిరప సముద్రాలు దాటి, ఓడ దిగి వచ్చింది. ఈ పూట మీ కూరలోనూ పడే ఉంటుంది. ఏ ఊరు నీది అని ఒక్కరూ అడిగి ఉండరు. రుచి కుదిరితే మనవాళ్ళే కదా!

చిట్టమ్మ, అరవై ఏడేళ్ళు, ప్రస్తుతం అంకులి.