ఒక్క రేకు మారిస్తే చాలన్నారు

ఆ ఉదయం అల్లుడు పెట్టుకున్న పని ఇంతే: ఊరెళ్ళిన మామగారు తిరిగొచ్చేలోపు ఆయన కారు బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపల పెట్టడం. అది మామూలు కారు కాదు మరి. నేలను అంటిపెట్టుకుని పడుకున్నట్టుండే, ఇద్దరికి మించి పట్టని పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. మామగారికి ఒక్కగానొక్క కూతురి తర్వాత అదే. ముందు కారు, తర్వాతే కూతురు అనేవాళ్ళూ ఉన్నారు. ఇన్నేళ్ళలో దాని తాళం ఇంకొకరి చేతికివ్వడం ఆయనకు అదే మొదలు. అదీ ఇచ్చినట్టే ఇచ్చి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పెళ్ళయినప్పటి నుంచి "అతనికి చేతకాదులే" అనిపించుకుంటూ వస్తున్న అల్లుడికి ఆ తాళం కిరీటంలా కనిపించింది.

అదిగో, ఆ కిరీటం పెట్టుకునే రివర్సులో తిప్పి, ముందు రేకును గేటు స్తంభానికి ఆనించాడు. పెద్ద చప్పుడేం కాలేదు. చక్రం పైన అరచేతి మేర సొట్ట పడింది, అంతే.

భార్య వరండాలోంచి తొంగి చూసింది. "తగిలించారా?"

"కాస్త."

"కాస్తంటే, మా నాన్నకి కనిపించనంతా?"

మామగారు ఆ కారు మీద వాలిన ఈగను కూడా గుర్తుపట్టే మనిషి. వచ్చేది మర్నాడు పొద్దున.

షెడ్డులో మెకానిక్ సొట్టను బొటనవేలితో నొక్కి చూశాడు. "సొట్ట తీసి రంగు కొడితే, ఆరడానికే వారం పడుతుంది సార్."

"రేపు పొద్దున్నే వచ్చేస్తారయ్యా."

"అయితే రేకే మార్చేద్దాం. వెనకాల నా సొంత బండొకటుంది. ఇదే కారు, ఇదే రంగు, కాకపోతే రెండేళ్ళ తర్వాతొచ్చిన మోడలు. లోపలంతా ఇదే, బోల్టులన్నీ అవే సార్. ఒక్క రేకు, టీ తాగేలోపు అయిపోద్ది."

ఆ మెకానిక్‌కు ఒక మంచి అలవాటుంది. విప్పిన రేకును నేల మీద పెట్టడు. గీతలు పడతాయని, బోల్టులు పోతాయని, అప్పటికప్పుడే రెండో బండికి బిగించేస్తాడు. కొంప ముంచింది ఆ మంచి అలవాటే.

బోల్టులు నిజంగానే కలిశాయి. హెడ్‌లైటు కలవలేదు. పాతది గుండ్రం, కొత్త మోడలుది కోల. కొత్త రేకుతో పాటు కొత్త దీపమూ పెట్టేసరికి ఒక కన్ను విప్పార్చి, ఒక కన్ను చికిలించి, కారు ఎవరి మాటా నమ్మని ముసలమ్మలా చూడసాగింది. రెండోవైపూ మార్చారు. ఇప్పుడు బానెట్ మూతపడదు. దాన్నీ మార్చారు. బంపరు కింద వేళ్ళు దూరేంత సందు వచ్చింది. బంపరు మారింది, దానితో పాటే నంబరు ప్లేటూ అవతలి బండికి వెళ్ళిపోయింది.

"పోనీ, పాతవే పెట్టేయవయ్యా," అన్నాడు అల్లుడు నీరసంగా.

"ఇప్పుడా? మీ బండి క్లిప్పులన్నీ కోసేశాను కదా సార్. ఇక వెనక్కి పోలేం."

తలుపు మీది గీత ముందు రేకు గీతతో కలవలేదని తలుపులు మారాయి. ముందు ఒక ఏడాది, వెనక ఇంకో ఏడాది అయితే నలుగురూ నవ్వుతారని వెనక భాగమూ మారింది. అల్లుడు పాత టైరు మీద కూలబడ్డాడు. మామగారి కారులో మామగారు చూసి ఎరిగిన రేకు ఒక్కటి మిగల్లేదు.

అప్పుడే భార్య ఫోను. "నాన్న ఇవాళే వచ్చేశారండీ. కారు షెడ్డుకి తీసుకెళ్ళారని చెప్పాను. అక్కడికే వస్తున్నారు."

"ఎందుకు చెప్పావే?"

"మరి ఏ చుట్టాలింటికి పంపామని చెప్పమంటారు?"

సంచీ భుజాన వేసుకుని మామగారు రానే వచ్చారు. తన కారును పక్కనుంచే దాటుకుంటూ, "ఈ తర్వాతి మోడళ్ళకి కళే లేదోయ్," అని గొణిగారు. నేరుగా మెకానిక్ బండి దగ్గరికి వెళ్ళి ప్రేమగా నిమిరారు. చెయ్యి చక్రం మీదికి వచ్చి సొట్ట దగ్గర ఆగిపోయింది.

"ఇదేమిటల్లుడూ?"

"గేటుకి తగిలించాను మామయ్యగారూ."

మామగారు సొట్టను చూశారు, అల్లుణ్ణి చూశారు.

"దీనికా ఆ ముఖం? తిరిగే బండన్నాక తగలకుండా ఉంటుందా? దాచకుండా చెప్పావు, నాకదే చాలు." అంటూ అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. పెళ్ళయ్యాక మొదటిసారి.

అల్లుడు మిగతాది చెప్పాలనే నోరు తెరిచాడు. భుజం మీది చెయ్యి బరువుకు అది మళ్ళీ మూసుకుంది. తాళం బండికే ఉండటంతో మామగారు ఎక్కి కూర్చుని తిప్పారు. "అది నా..." అనబోయిన మెకానిక్ కాలు అల్లుడు గట్టిగా తొక్కాడు.

"ఎంత మెత్తగా ఉందోయ్ ఇంజను. నీ చేతిలో పడి బాగుపడింది. ఇకమీదట దీని ఆలనాపాలనా నీదే," అని మామగారు కారు తోలుకుంటూ వెళ్ళిపోయారు.

దుమ్ము అణిగాక మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "మరి మీ మామగారి కారు ఇక్కడే ఉంచమంటారా సార్?" అని అడిగాడు.