సూది లేని పరీక్ష

ఆడవాళ్ల రక్తపరీక్షల్ని తిట్టకండి. మగజాతి పరువు కాపాడటానికి సైన్సు ఇంతకంటే ఏం చేస్తుంది చెప్పండి!

మా అమ్మాయి గీతాంజలికి పెళ్లయి ఐదేళ్లు. పిల్లలు కావాలని తనకి ఎంతో ఆశ. శరీరం తనని తానే శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తోందేమో చూద్దామంది, ఇక్కడ పరదేశంలో, మేముండే కమ్మింగ్ ఊళ్లో డాక్టరమ్మ. అప్పటినుంచి మా అమ్మాయి చేయి చాపడం, ల్యాబ్‌వాళ్లు గొట్టాలు నింపుకోవడం! థైరాయిడ్‌ని పీడించే యాంటీబాడీలు లేవు. మంచిది! రక్తాన్ని గడ్డకట్టించేవి? అవీ లేవు. ఇంకా మంచిది! నోరు తిరగని పేర్లున్నవి ఇంకెన్నో లేవు. ఒంట్లో ఏమేం లేవో ఇంత వివరంగా తెలుసుకునే భాగ్యం మన అమ్మమ్మలకి దక్కిందా?

ల్యాబ్‌కి తీసుకెళ్లేది నేనే. భార్య పోయినవాణ్ణి, నాకేం పని? రక్తం తీసే పిల్ల ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, అప్పుడు మా అమ్మాయి మోచేయి పట్టుకుంటుంది. ఆ వెచ్చదనాన్ని ఏ డాక్టరూ రాసివ్వలేదు సుమా!

ఇక మనవాళ్ల సేవ! మొన్న తలో వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో మా వీధి ధనమ్మగారు పులిహోర గరిటె చేత్తో పట్టుకునే విచారించారు.

"రిపోర్ట్స్ వచ్చాయా గీతా?"

"వచ్చాయి ఆంటీ. అన్నీ నార్మలే."

"అయ్యో! ఇంకో ల్యాబ్‌లో చేయించమ్మా."

నార్మల్ అంటే "అయ్యో" అనే దయగలవాళ్లు మనకి తప్ప ఇంకెవరికైనా ఉన్నారా?

తిరిగొస్తూ కారులో మా అమ్మాయి మోచేతి మీద కమిలిన మచ్చని చున్నీతో కప్పుకుంది. "ఇంకెక్కడ పొడుస్తారు నాన్నా?" అంది, నవ్వబోయి.

మర్నాడు కాఫీ దగ్గర అల్లుడు జితేందర్‌ని మెల్లగా కదిపాను.

"డాక్టరమ్మ మొదటిరోజే మీ టెస్ట్ కూడా చేయించమంది కదా బాబూ?"

"నాదేముంటది మామయ్యా! రోజూ జిమ్‌కి పోతున్న. ఆఫీసులో ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనీ, చూద్దాం."

చూశారా! డంబెల్సే సర్టిఫికెట్ ఇచ్చేశాక ఇంక ల్యాబ్ దేనికి?

అయినా ముసలివాడి చాదస్తం, శనివారానికి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. డ్రైవ్ చేసేది నేనే. ఆ పూట మా అమ్మాయి హాయిగా పడుకుంటుంది. అల్లుడికి భయమేస్తే పట్టుకోవడానికి నా చేయి ఉండనే ఉంది.

కనుక్కున్నాను కూడా. ఆ పరీక్షకి సూది ఉండదట. ఒక చిన్న డబ్బా, గడియ పెట్టుకునే గది, అంతే. నొప్పన్నదే తెలియదట.

అందుకే కాబోలు, దానికి అంత ధైర్యం కావాలి!