సూర్యుణ్ణి సప్లయర్‌గా పెట్టుకున్నాను

అయ్యలారా, అమ్మలారా! మనిషి జన్మకి సార్థకత కరెంటు ఇచ్చేవాణ్ణి మార్చడంలోనే ఉంది. ఉద్యోగం మారితే వీసా గొడవ. ఇల్లు మారితే నడుము నొప్పి. కరెంటు మారిస్తే మాత్రం ఛాతీ పెరుగుతుంది! మస్కట్ చుట్టుపక్కల మారడానికి రెండో కంపెనీయే లేదు కదా అంటారా? అక్కడే ఉంది నా గొప్పతనం! ఉన్నచోట ఎవడైనా మారతాడు. లేనిచోట మారినవాడే మొనగాడు!

నేను అల్ అమెరాత్‌లో ఒక ఒమానీ పెద్దాయన ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నాను. ఆయన్ని అందరిలాగే నేనూ అర్బాబ్, అంటే యజమాని, అంటాను. కింద ఆయన మీటరు, ఆ మీటరు నుంచి మేడ మీది పెట్టె ద్వారా నా వాటాకి ఒక తీగ. అద్దెలోనే కరెంటు. ఇన్నేళ్ళూ ఫ్యాను తిరిగింది, బల్బు వెలిగింది, నేను సుఖంగా ఉన్నాను. అదే నా బాధ! సుఖంగా ఉన్నవాడు పదిమందిలో ఏం మాట్లాడతాడు? రెండు వేల ఎనిమిది వచ్చేసింది, ఇంకా ఒకడి తీగ మీదే బతకాలా?

సోలార్ ప్యానెల్ కొన్నాను. సహం ఊరి వైపు ఏదో తోటలో నీళ్ళ మోటారుకి బిగించి, తర్వాత పీకేసింది. సెకండ్ హ్యాండే. అయితేనేం, సూర్యుడు ఫస్ట్ హ్యాండే కదా! మేడ మీద నాలుగు కాళ్ళ మీద కొంచెం వాలుగా పెట్టించి, ఇంట్లో ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్ తగిలించాను. మా ఆవిడ వాణి "దీనికి ఎన్ని వాట్లు?" అనడిగితే, నాకు తెలీదు కాబట్టి "వాట్?" అని ఇంగ్లీషులో కోప్పడ్డాను.

ఆ పైన అర్బాబ్ దగ్గరికెళ్ళి, నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని "మాఫీ కహరబా! షమ్స్ మౌజూద్!" అని ప్రకటించాను. కరెంటు వద్దు, సూర్యుడున్నాడు అని దాని భావం.

"ఖలాస్?" అన్నాడాయన. ఇక అంతేనా అని.

"ఖలాస్!" అన్నాను. ఆయన నాతో మేడెక్కి పెట్టెలో నా తీగ విప్పేశాడు. నేను పలుపు విప్పిన ఎద్దులా మెట్లు దిగాను.

సరిగ్గా ఆ వారమే మా అత్తగారు రాములవ్వ జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద దిగింది. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఈ గడ్డ మీద కాలు పెట్టడం ఇదే మొదలు. మూడు నెలలు ఉంటుందని వాణి సంబరం. రాములవ్వకి ఏసీ పడదు. "మొఖం మీద ఐసుగడ్డ పెట్టినట్టుంటది" అంటుంది. ఆమెకి ఫ్యాను గాలి ఉంటే చాలు. అది లేకపోతే నిద్ర రాదు. నిద్ర రాకపోతే ఇక్కడ ఉండదు. అంటే వాణి సంబరమంతా ఆ మూడు రెక్కలకే వేలాడుతోందన్నమాట!

ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళి నా వైభవం చూపించాను. "అత్తమ్మా! ఈ ఇంటి ఎండలో ఒక్క చుక్క కూడా వృథా పోదు. మొత్తం దీని మీదే పడుతుంది. రోజూ తుడిచి శుభ్రంగా ఉంచుకుంటే చాలు!"

ఆమె అరచేత్తో నిమిరి చూసింది. "నున్నగున్నది బిడ్డా. మంచిగ కాలుతున్నది గూడ. నువ్వు మోకాళ్ళ నొప్పులోనివి, ఊకె ఎక్కకు. నేను సూసుకుంట."

చూశారా! సప్లయర్‌ని మార్చగానే మెయింటెనెన్సు స్టాఫు కూడా ఉచితం! ఆ రోజు నుంచి నేను మేడ ఎక్కితే ఒట్టు.

వారం తిరక్కుండానే ఫ్యాను నీరసించింది. రెక్కలు మూడేనా అని పడుకునే లెక్కపెట్టుకోవచ్చు. మర్నాటికి అదీ లేదు. బ్యాటరీ ఆంప్‌శయ్య మీదికి చేరింది. ఉత్తరాయణం దాకా ఆగమందామంటే, నడుస్తున్నది ఉత్తరాయణమే!

కుంగిపోయానా? సప్లయర్‌ని మార్చాను! సందుకి అవతల షఫీ కిరాణా కొట్టుంది. కడప మనిషి. అతని కొట్లోంచి వైరు లాగాను.

"ఏం గంగాప్రసాద్ సార్, సూర్యుడు లీవు పెట్టినాడా?" అన్నాడు.

"ఓవర్‌టైమ్ చేసి అలిసిపోయాడు" అన్నాను గంభీరంగా.

రెండ్రోజులకి అతనే మెట్లెక్కి వచ్చాడు. "మీ అత్తమ్మకు గాలి తగుల్తాంది గానీ, నా ఫ్రిజ్జు ఆగిపోతాంది సార్. పెరుగంతా పులిసిపాయ. ఏమనుకోవద్దు, వైరు తీసేసుకోండి."

మళ్ళీ సూర్యుడికే మారాను. మళ్ళీ ఫ్యాను మూర్ఛపోయింది. ఈసారి కూర్చుని ఆలోచించాను. తప్పెవరిది? నాది కాదు, అది మొదటే తేలిపోయింది. ఇక మిగిలింది సూర్యుడు. ఆయన రథానికి గుర్రాలెన్ని? ఏడు. అంటే సెవెన్ హార్స్ పవర్! మా ఊళ్ళో బోరు మోటారుకే ఏడున్నర! ముల్లోకాలకీ పంచగా నా వాటాకి ఏం మిగులుతుంది?

ఈ సిద్ధాంతాన్ని భోజనాల దగ్గర వివరిస్తుంటే పంటికింద గుమ్మడి వడియం కరకరలాడింది. చెప్పడం మరిచాను, అత్తగారు వచ్చినప్పట్నుంచీ మా ఇంట్లో వడియాల పండగే. షఫీ కొట్లో బూడిద గుమ్మడికాయ కనబడితే ఆమె వదలదు. "అత్తమ్మా, ఇంత బాగా ఎండిన వడియం జగిత్యాలలో కూడా తినలేదు! ఏం ఎండ, ఏం ఎండ! ఒక్క నా ప్యానెల్‌కి తప్ప అన్నిటికీ తగులుతుంది" అని మరో గుప్పెడు వేసుకున్నాను.

ఆమె నవ్వలేదు. కొంగుతో విసురుకుంటోంది. "ఎన్ని రాత్రులాయె కన్ను మూయక! నా టికెటు జర ముందటికి జరుపు బిడ్డా. శనివారం ఇమానం ఉంటదా సూడు."

వాణి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. నా వంక చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది! చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి, తల్లి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

పొద్దున్నే అర్బాబ్ గుమ్మంలో నిలబడ్డాను. ఈసారి అరబ్బీ లో వోల్టేజీలో వచ్చింది. "అర్బాబ్... కహరబా..."

"షమ్స్?" అన్నాడాయన, ఆకాశంలోకి వేలు చూపిస్తూ.

"షమ్స్ మాఫీ" అన్నాను. సూర్యుడు లేడని! అప్పటికి ఎండ తట్టుకోలేక ఇద్దరం కళ్ళు చిట్లించుకుని నిలబడి ఉన్నాం.

నా తీగ కలిపే పెట్టె మేడ మీద ఉంది. ముందు ఆయన, వెనక మోకాళ్ళు పట్టుకుంటూ నేను, నా వెనక రాములవ్వ. ఎక్కి చూద్దును కదా, మేడ మీద ప్యానెల్ లేదు! ఆ స్థానంలో తడిపి పరిచిన పాత నేతచీర. దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బారులు తీరిన వడియాలు. కాకులు వాలకుండా పక్కనే కర్రకు ఊగుతున్న నా ఆఫీసు ప్యాంటు!

అర్బాబ్ వంగి ఒక వడియాన్ని వేలితో పొడిచాడు. "హాదా ఏష్?" అన్నాడు. ఇదేమిటి అని. నేను వెనక్కి తిరిగి అత్తగారి వంక చూశాను.

రాములవ్వకి మాత్రం ఏ సందేహమూ లేదు. "గట్ల సూస్తవేంది అల్లుడా? ఎండ మొత్తం దీని మీదనే పడ్తదని నువ్వే చెప్తివి గద! అత్తమ్మ వడియాలు పెట్టుకుంటదని అల్లుడు మంచి బల్ల చేపిచ్చిండని వాడకట్టందరికి ఫోన్ల చెప్పిన. రోజు తుడిచే పెడుతున్న!"

తుడిచే పెట్టింది మరి! నేను చెప్పిన ఏ ముక్క పాటించలేదు ఆమె? సూర్యుడు రోజూ టైముకే డ్యూటీకి వచ్చాడు. నేనే ఆయన్ని నూనెలో వేయించుకుని తింటూ, రాలేదని కంప్లయింటు చేశాను. ఫ్యాను తిరగకపోవడమేమిటి? రోజూ నా నోట్లోనే కరకరా తిరిగింది!

చీర తీయమందామని నోరు తెరిచాను. శనివారం విమానం గుర్తొచ్చింది. "బల్ల నీదే అత్తమ్మా" అన్నాను. అర్బాబ్ గడ్డంలో నవ్వుకుంటూ నా తీగ నాకు కలిపాడు. ఆ సాయంత్రం ఆయనింటికి వేయించిన వడియాలు ఒక పళ్ళెం వెళ్ళాయి. పళ్ళెం ఖర్జూరాలతో తిరిగొచ్చింది. షఫీకి ఇంకో పళ్ళెం పంపాం, పులిసిన పెరుగులో నంజుకోవడానికి.

శనివారం వచ్చింది. విమానం వెళ్ళిపోయింది. రాములవ్వ ఫ్యాను కింద గురక పెడుతోంది. "ఈ గుమ్మడికాయ ఒడిసినంక పోత బిడ్డా" అంటోంది. ఆ మాట విని వాణి మడతపెట్టిన చీరలన్నీ మళ్ళీ దండెం మీద వేసింది. నేను కూరగాయలకని చెప్పి షఫీ దగ్గరికెళ్ళాను. ఆ కాయ అయ్యేలోపు ఇంకోటి, అది అయ్యేలోపు మరోటి దింపుతూ ఉండమన్నాను.

"ఎన్నాళ్ళు సార్?"

"వీసా ఉన్నన్నాళ్ళు."

కాబట్టి పాఠకులారా, నిక్షేపంగా సప్లయర్‌ని మార్చండి! అర్బాబ్‌ని మార్చండి, చేతనైతే సూర్యుణ్ణి మార్చండి. మార్చేముందు ఒకసారి మేడ ఎక్కి చూడండి అని మాత్రం నేను చెప్పను. ఆ అర్హత నా మోకాళ్ళకి లేదు. కానీ మా గుమ్మడికాయల సప్లయర్ జోలికి ఎవరైనా వచ్చారో, ఖలాస్!